దక్షిణం వైపు ఐదో స్తంభం

జూలై 8, మంగళవారం

పంపేశాను. నాలుగు నెలల పని ఒక్క లింకులో సరిపోయింది. ఫ్రాన్స్‌లో నేనెన్నడూ చూడని ఊళ్ళో ఉన్న ఎనిమిది వందల ఏళ్ళ కెథడ్రల్‌ని, నేల నుంచి శిఖరం దాకా, హెర్న్‌డన్‌లో మా మేడమీద గదిలో కూర్చుని కంప్యూటర్‌లో మళ్ళీ కట్టాను. వాళ్ళకి రెండు వందల ఏళ్ళు పట్టింది. నాకైతే మధ్యలో కృతిని డెంటిస్ట్ దగ్గరికి తిప్పే పని కూడా ఉంది.

ఇంట్లో దాన్ని నా అత్తారిల్లు అంటారు. కృతి మెట్ల కింద నిలబడి, "అమ్మా, యూ ఆర్ ఇన్ ద చర్చ్ అగైన్?" అని అరుస్తుంది. ఉదయ్ అందుకుని, "మీ అమ్మ భోజనానికి మాత్రమే పుట్టింటికి వస్తుందమ్మా" అంటాడు. అననీ.

ఈ డైరీ తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, కృతికి తెలుగు చదవడం రాదు. ఉదయ్‌కి నా చేతిరాత చదవడం రాదు.

జూలై 10

సొలాంజ్ మెయిల్ రాసింది! ఆ కెథడ్రల్‌లో రాతిపని చూసుకునే ఆవిడ. అరవై దాటి ఉంటాయి. ఆవిడ తాత, తండ్రి కూడా అక్కడే రాళ్ళు చెక్కారు. వీడియో కాల్స్‌లో ఇంజనీర్లందరూ తెగ మాట్లాడుతుంటే, వెనకాల కుర్చీలో కూర్చుని గోళ్ళలో సున్నం గీక్కుంటూ ఉండేది. ఇన్ని నెలల్లో నోరు విప్పగా నేను చూడలేదు.

రెండే వాక్యాలు రాసింది. "మీ బొమ్మలో దక్షిణం వైపు ఐదో స్తంభం చాలా అందంగా, చాలా నిటారుగా ఉంది. నిజంగా అంత నిటారుగా ఉందా?"

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించిన స్తంభం అదే. దాన్నే మెచ్చుకుంది. మనసు గాల్లో తేలిపోయింది. "హండ్రెడ్ పర్సెంట్" అని జవాబిచ్చి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాను.

జూలై 13, ఆదివారం

ఫ్రెండ్ విజయశ్రీ వాళ్ళింట్లో భోజనం. ఎవరో "ఇంతకీ నువ్వు చేసేదేంటి గిరిజా?" అని అడిగారు. అడిగినవాళ్ళదే పాపం. గుత్తివంకాయ చల్లారిపోయేదాకా చెప్పాను.

1210లో మొదలుపెట్టారనీ, ప్లేగు వచ్చి ఒక తరం ఆగిపోయిందనీ చెప్పాను. గుండ్రటి కమాను గోడల్ని పక్కలకి బాగా తోస్తుంది. మొన తేలిన కమాను బరువుని ఎక్కువగా కిందికి దింపుతుంది, అందుకే గోడలు పల్చగా కట్టి, అంతెత్తు కిటికీలు పెట్టగలిగారు. మిగిలిన తోపుడు ఆపడానికి బయట నుంచి రాతి వంతెనలు వచ్చి గోడని పట్టుకుంటాయి. రాళ్ళు మట్టంగా కూర్చోవడానికి సందుల్లో ఆల్చిప్పలు పెట్టేవాళ్ళు. తూర్పు నుంచి ఒక ముఠా, పడమర నుంచి ఒక ముఠా కట్టుకొచ్చారు. ఒకరి అడుగుబద్ద ఇంకొకరి బద్దకంటే పొట్టి. మధ్యలో కలిసేసరికి గుడి మొత్తం కాస్త వంకర తిరిగింది. ఆ వంకరంటే నాకు ప్రాణం.

విజయశ్రీ మామగారు వీరభద్రరావుగారు ఇండియాలో బ్రిడ్జిలు కట్టి రిటైరైన మనిషి. ఆయనొక్కరే శ్రద్ధగా విన్నారు. "ఎలా కొలుస్తారమ్మా?" అన్నారు.

"లేజర్‌తో అంకుల్. కోట్ల చుక్కలొస్తాయి. మార్చిలో ఒకసారి, రిపేరు కోసం లోపల కట్టిన ఊతాలు తీసేశాక జూన్‌లో ఒకసారి కొలిచారు."

"రెండు కొలతలూ వాటంతట అవే సరిపోయాయా?"

"సాఫ్ట్‌వేర్‌లో సరిపెడతాం అంకుల్."

"ఊఁ" అని ఆయన పెరుగన్నం కలుపుకున్నారు.

ఆ "ఊఁ" దారి పొడుగునా కార్లో నా పక్కనే కూర్చుంది. అన్నీ సరిపోయాయి. ఒక్క ఐదో స్తంభం దగ్గరే పద్నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చింది, చిటికెనవేలి వెడల్పంత. మూడు రోజులు కుస్తీ పట్టి సరిచేశాను. మా పనిలో చేరిన మొదటి వారంలో ఎవరికైనా నేర్పేది ఇదే, రెండు స్కాన్లు కలవకపోతే తప్పు మనది. రాళ్ళు కదలవు.

ఆగస్టు 27, వినాయక చవితి

సెప్టెంబర్ 14 ఆదివారం ఉదయం దక్షిణం వైపు నడవా మళ్ళీ తెరుస్తారట. పెద్ద ప్రార్థన, ఆరు వందల కుర్చీలు. నా మోడల్ చూశాకే మళ్ళీ ఊతాలు పెట్టక్కర్లేదని ఇంజనీర్లు తేల్చారని రఘు చెప్పాడు. మేనేజరైనా నన్ను అక్కా అనే పిలుస్తాడు. పూజలో కూడా ఆ సంగతే తలుచుకుని మురిసిపోయాను. ఉండ్రాళ్ళు కుదరలేదు.

సెప్టెంబర్ 8, సోమవారం

సొలాంజ్ మళ్ళీ రాసింది. ప్రారంభోత్సవానికి చిన్న పుస్తకం వేస్తున్నారట. "ఇప్పుడు నాకు తీరిక దొరికింది కాబట్టి పుస్తకం నాకు అప్పజెప్పారు" అంది. అందులో వాళ్ళ తాత గాజుముక్క ఫోటో కావాలట.

రాతిలో పగులు ఉంటే దాని మీద అడ్డంగా సన్నని గాజుపట్టీ పెట్టి, రెండు కొసలూ అతికిస్తారట. రాయి వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. ఐదో స్తంభం మీద, పదకొండు మీటర్ల ఎత్తున, 1931లో ఆవిడ తాత అతికించింది ఒకటి ఉంది. యుద్ధంలో ఊరి మీద బాంబులు పడినా అది విరగలేదట. ఊతాలు తీసేశాక అక్కడికి ఎక్కడానికి లేదు, మీ స్కానర్ తీసిన ఫోటోల్లో ఉంటుందేమో వెతికిపెట్టమంది.

మార్చి ఫోటోల్లో వెంటనే దొరికింది. చెయ్యంత పొడుగు గాజు, మూల మీద గీకిన 1931. చక్కగా ఉంది. గుడి లోపలే ఎదుటి వైపు మేడ మీద నుంచి తీసిన జూన్ ఫోటోలో వెలుతురు ఇంకా బాగుంటుందని అదీ తెరిచాను.

రెండు ముక్కలు.

అదే రోజు, సాయంత్రం

మళ్ళీ చూశాను. రెండు ముక్కలే.

అదే రోజు

రాళ్ళు కదలవు.

సెప్టెంబర్ 9

ఇక దాచకుండా రాస్తున్నాను.

జూన్‌లో ఏం చేశానో ఇక్కడ రాయలేదు. "సరిచేశాను" అని రాసుకున్నాను, నాకు నేనే. చేసింది ఇది. మూడు రోజులు కుస్తీ పట్టినా ఆ పద్నాలుగు మిల్లీమీటర్లు పోలేదు. స్తంభాల భాగానికి శుక్రవారం గడువు. ఎదురుగా ఉత్తరం వైపున ఉన్న ఐదో స్తంభం బుద్ధిగా నిలబడి ఉంది. దాన్ని కాపీ చేసి, అద్దంలో చూసినట్టు తిప్పి, దక్షిణాన పెట్టాను. కదలిక పట్టికలో దాని ఎదురుగా సున్నా వేశాను. స్తంభం మీద చెదురుమదురుగా మెరుస్తున్న చుక్కలేవో ఉంటే చెత్త అనుకుని చెరిపేశాను. ఆ చుక్కలు గాజుముక్క.

వాళ్ళు చూసి మురిసిపోయిన స్తంభం అక్కడ లేనే లేదు. అక్కడ ఉన్నదాన్ని నేను ఎవరికీ చూపించలేదు.

రఘుకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"అక్కా, గ్లాస్ ఏదో పావురం తగిలి పలిగుంటది. నైంటీన్ థర్టీవన్ గ్లాస్. దానికింత టెన్షన్ వడుతున్నవ్?"

"మరి పద్నాలుగు మిల్లీమీటర్లు?"

"రీప్రాసెస్ చేసి చూడు. మండే క్లయింట్ కాల్ ఉంది గద, మెల్లగ చెప్దాం."

"ఆదివారమే తెరుస్తున్నారు రఘూ."

"ఎనిమిది వందల ఏండ్లు నిలవడ్డది అక్కా. ఇంకొక్క రోజు నిలవడదా?"

ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఫోన్ పెట్టేసి టీ పెట్టుకుని తాగాను.

సెప్టెంబర్ 10

బలవంతంగా కలపకుండా, రెండు స్కాన్లూ మొదటి నుంచీ మళ్ళీ వేశాను. మిగతా ముప్పై ఒక్క స్తంభాలూ ఒక మిల్లీమీటరు లోపల సరిపోయాయి. ఐదోది పద్నాలుగు. స్కానర్‌ది తప్పయితే అన్నిటి దగ్గరా తేడా రావాలి. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లకి కూడా తెలుస్తుంది. జూన్‌లో నాకు తెలియలేదా? తెలిసే ఉంటుంది.

ఊతాలు మేలో తీశారు. వాటి మీద ఆనుకున్న బరువంతా ఆ స్తంభం మీద పడింది, అది బయటికి ఒరిగింది. నెల రోజుల్లో ఇంత. జూన్ తరువాత ఇంకా మూడు నెలలు గడిచాయి.

స్కూల్లో ఉండగా మమ్మల్ని లేపాక్షి తీసుకెళ్ళారు. వేలాడే స్తంభం కిందనుంచి నా చున్నీ దూర్చి అవతల లాగాను. ఎవరో దొరగారు దాన్ని సరిచేద్దామని కదిపితే చుట్టూ ఉన్న స్తంభాలన్నీ కదిలాయని గైడు చెప్పాడు. మేమంతా ఆ దొరని చూసి నవ్వుకున్నాం.

గిన్నెలు కడుగుతున్న ఉదయ్‌కి చెప్పాను. నల్లా కట్టలేదు.

"చెప్తే ఏమవుతుందో తెలుసు కదా? జాబ్ పోతే సిక్స్‌టీ డేస్‌లో దేశం వదలాలి. గ్రీన్ కార్డ్ లైన్లో పన్నెండేళ్ళ నుంచి నీ పేరు మీదే నిలబడి ఉన్నాం. కృతికి జూనియర్ ఇయర్, వచ్చే ఏడాదే కాలేజీ అప్లికేషన్లు."

"తెలుసు."

"మేనేజర్ మండే అన్నాడు కదా. ఇక బాధ్యత ఆయనది. నీ తప్పు ఏముంది?"

రెండు పళ్ళేలు కడిగాక, వెనక్కి తిరగకుండా, "ఆ స్తంభం కింద ఎన్ని కుర్చీలు?" అన్నాడు.

"ఆ నడవాలో ఆరు వందలు. సరిగ్గా దాని కింద నలభై ఉంటాయేమో."

కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాడు.

సెప్టెంబర్ 11

సొలాంజ్‌కి మెయిల్ రాశాను. డ్రాఫ్ట్స్‌లో ఉంది. మార్చి ఫోటో మాత్రం పంపాను, పుస్తకానికి.

సెప్టెంబర్ 12, శుక్రవారం

పైన రాసింది ఇప్పుడే చదివాను. విరగని గాజు ఫోటో పంపాను. నిన్న. అంతా తెలిశాక. ఆ పని చేసింది నేనేనా?

పొద్దున లాప్‌టాప్ తెరవలేకపోయాను. కార్ తీసి, ఎక్కడికో తెలియకుండా బయల్దేరి, డి.సి.లో కొండమీద ఉన్న పెద్ద చర్చికి డ్రైవ్ చేశాను. పాతది కాదు, పోయిన శతాబ్దంలో కట్టిందే, కానీ ఆ పాత పద్ధతిలోనే రాయి మీద రాయి పేర్చి కట్టారు. నాలుగు నెలలు కెథడ్రల్‌లో కాపురం చేశాను కానీ, అలాంటి దాంట్లో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి.

తలెత్తాను. కళ్ళు తిరిగాయి. స్క్రీన్ మీద మౌస్ ఒక్కసారి తిప్పితే కప్పు చేరిపోతాను. ఇక్కడ చూపు పైకి ఎక్కుతూనే ఉంది. ఒక స్తంభం మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. దాని పైన ఉన్నదంతా నా చేతి పక్క నుంచే నేలలోకి దిగుతోంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, నా మోడల్‌లో బరువు లేదు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆ మాట గుర్తుకు రాలేదు.

అక్కడ పనిచేసే పెద్దావిడ ఒకామె నా మొహం చూసి దగ్గరికొచ్చింది. 2011 భూకంపంలో పైనుంచి రాళ్ళు ఊడిపడ్డాయనీ, బాగుచేసే పని ఇంకా సాగుతోందనీ చెప్పింది. "ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంత అదృష్టం రెండోసారి ఉండదు" అంది. అవతల ఎవరో తల్లి, పాపని స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి జోళ్ళు తొడుగుతోంది.

బయటికొచ్చి, తోటలో బెంచీ మీద కూర్చుని సొలాంజ్‌కి ఫోన్ చేశాను. ఇక్కడ పన్నెండు, అక్కడ సాయంత్రం ఆరు. కాపీ చేసిన సంగతి, సున్నా సంగతి, చెరిపేసిన చుక్కల సంగతి, నిన్నటి ఫోటో సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. తిడుతుందని చూశాను.

"ఎంత కదిలింది?" అంది.

"పద్నాలుగు. జూన్ నాటికి."

"ఏ వైపుకి?"

"బయటికి."

ఫోన్ పెట్టేసింది. రఘుకి, "క్లయింట్‌కి చెప్పేశాను" అని మెసేజ్ పెట్టాను.

అదే రోజు, మూడున్నర

సొలాంజ్ చేసింది. ఇంజనీరునీ, మెషిన్ లిఫ్టునీ తెప్పించి పైకెక్కారట. కప్పులో రాతి పక్కటెముకలు వచ్చి స్తంభం మీద కూర్చునే చోట సందు తెరుచుకుంది. సందులోని ఆల్చిప్పలు పొడి పొడిగా రాలుతున్నాయి. "ఒక రాయి మీద చెయ్యి పెట్టాను. కదిలింది" అంది.

ఎంత రాయి అని అడిగాను.

"నా అంత."

సెప్టెంబర్ 13

నడవా మూసేశారు. స్తంభం చుట్టూ ఊతాలు కడుతున్నారు. రఘు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. పన్నెండోసారి ఎత్తాను. "ఒక్క మాట నాకు చెప్పి చేయరాదా అక్కా" అన్నాడు. మంగళవారం చెప్పాను కదా అన్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

ప్రార్థన బయట జరిగిందట, చర్చి ముందు ఖాళీ స్థలంలో, తుంపరలో, గొడుగుల కింద. ఊళ్ళో అందరూ విసుక్కున్నారట. సొలాంజ్ వీడియో కాల్ చేసింది. వెనకాల ఆరు వందల కుర్చీలు తడుస్తున్నాయి. ప్రాణాలు దక్కాయి, ఇక చాలనుకున్నాను. మనసు తేలికపడి, "పుస్తకం ఎలా వచ్చింది? మీకు అంత తీరిక ఎలా దొరికింది?" అని కుశలమడిగాను.

"నేను మానేశాను కదా. నీకు తెలియదా?" అంది.

ఆవిడ ఇంగ్లిష్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నాకు అర్థమైనట్టు రాసుకుంటున్నాను.

నెలకోసారి స్తంభాలన్నిటినీ కొయ్యసుత్తితో తట్టి వినడం వాళ్ళింటి పద్ధతి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆవిడకి వచ్చింది. బాగున్న రాయి మోగుతుంది. అలిసిన రాయి మూలుగుతుంది. జూలై మొదట్లో తట్టినప్పుడు ఐదోది మూలిగింది. ఇంజనీరుతో చెప్పింది. ఆయన అప్పుడే వచ్చిన నా మోడల్ తెరిచి చూపించాడు. నిటారుగా ఉన్న స్తంభం, ఎదురుగా సున్నా.

"నమ్మలేక నీకు రాశాను. నిజంగా అంత నిటారుగా ఉందా అని. నువ్వు నవ్వు బొమ్మ పెట్టావు."

ఆ పాత మెయిల్ తెరిచి మళ్ళీ చదివాను.

"మా నాన్నకి నా వయసులోనే చెవి పోయింది. నాకూ పోయిందనుకున్నాను. చెవి లేని మనిషి ఆ స్తంభాల కింద జనాన్ని కూర్చోబెట్టకూడదు. జూలై ఆఖర్లో సుత్తి అప్పజెప్పి ఇంటికి వచ్చేశాను."

ఆవిడకి కోపం లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. స్తంభం కూలితే నలభై మంది అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను ఈ వారమంతా. నా మోడల్ కింద జూలైలోనే ఒక మనిషి పడింది. ఆ శబ్దం నాకు మెయిల్లో వచ్చింది, నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

"సుత్తి తిరిగి ఇచ్చారా?" అని అడిగాను.

"కొత్తవాడు ఉన్నాడు. మంచివాడే. వినడం ఇంకా రాదు." గోళ్ళ వైపు చూసుకుంది. ఈసారి వాటిలో సున్నం లేదు. "మీ ఆఫీసువాళ్ళు పరికరం పొరపాటు అని రాస్తారని ఇంజనీరు అంటున్నాడు. అలా రాస్తే, నేను విన్నది ఎవరికీ తెలియదు."

కాల్ అయ్యాక కృతి గదిలోకి వచ్చింది. "అమ్మా, వై ఆర్ యూ క్రయింగ్? చర్చి పడిపోయిందా?" అంది.

లేదన్నాను.

సెప్టెంబర్ 15, సోమవారం

క్లయింట్‌కి వెళ్ళే రిపోర్ట్ రఘు తయారుచేసి పంపాడు. ఒక పేజీ. "సెన్సర్‌లో తలెత్తిన లోపం వల్ల ఒక స్తంభం వివరాలు సరిగ్గా నమోదు కాలేదు." కింద నా సంతకానికి చోటు. "లీగల్ వాళ్ళు చూసిన్రు అక్కా. సైన్ చేసి పంపియ్. నీ జాబ్‌కి ఏం గాదు" అన్నాడు. నా మేలు కోరే అంటున్నాడు, అది నాకు తెలుసు.

ఉదయ్‌కి చూపించాను. రెండుసార్లు చదివాడు. "నువ్వేం రాస్తావో రాయి. అరవై రోజుల సంగతి నేను చూస్తాను" అని వెళ్ళి కృతిని స్కూల్‌కి దింపాడు.

ఆ వాక్యం తీసేసి, నాలుగు వాక్యాలు పెట్టి, ఇంజనీరుకీ రఘుకీ సొలాంజ్‌కీ ఒకేసారి పంపాను. మర్చిపోకుండా ఇక్కడా రాసుకుంటున్నాను.

దక్షిణం వైపు ఐదో స్తంభం మార్చికీ జూన్‌కీ మధ్య పద్నాలుగు మిల్లీమీటర్లు కదిలింది. స్కానర్ రెండుసార్లూ సరిగ్గానే చూసింది. సొలాంజ్ జూలైలో సరిగ్గానే విన్నది. మోడల్‌లో ఆ స్తంభాన్ని నేనే సరిచేశాను.